తొమ్మిదో బల్ల

పాలు వడగడుతున్నాను. గుడ్డ రెండు మడతలు వేసి కుండ మూతికి కట్టి, సన్నధారగా పొయ్యాలి. మాట్లాడుతూ పోస్తే చెయ్యి అదురుతుంది. అందుకే ఆ పని నాకు అప్పజెప్పారు. మా ఇంట్లో మాటల పని అమ్మమ్మది. మిగిలిన ఇద్దరి వాటాలో కూడా చాలావరకు ఆవిడే మాట్లాడేస్తుంది.

"ఈ ఏడు పుస్తకం అచ్చేస్తున్నారట," అంది అమ్మమ్మ, పొయ్యి మీద మొక్కజొన్న రొట్టె తిరగేస్తూ. "ఈలై స్టిడమ్ సంతతి మొత్తం అందులో ఉంటుందట. ఆయన దగ్గర్నుంచి మొన్న పుట్టిన పసిగుడ్ల దాకా. గట్టి అట్ట, పైన బంగారు అక్షరాలు. వెస్టా నాలుగేళ్ళుగా రాస్తోందట."

"మనం ఉంటామా అందులో?" అన్నాడు ఆర్విల్ మామయ్య బూట్ల తాళ్ళు బిగించుకుంటూ.

"ఎందుకుండం?"

"చివరి పేజీలో వేస్తారేమో. కంచె పక్కన దుప్పటి మీద కూర్చున్నవారు అని."

అమ్మమ్మ అట్లకాడ ఎత్తింది. మామయ్యకి నలభై ఆరేళ్ళు. అయినా తల వంచుకుని బయటికి పరిగెత్తాడు.

అది 1977 ఏప్రిల్. కెంటకీ కొండల్లో, వాగు వెంట ఉన్న మా ఊరినీ స్పైస్‌వుడ్ వాగనే అంటారు. అక్కడ డాగ్‌వుడ్ చెట్లు తెల్లగా పూస్తున్న రోజులు. నాకు పందొమ్మిదేళ్ళు.

ఏటా జూన్ రెండో ఆదివారం మా దగ్గర సమాధుల పండగ. కొండ మీద ఈలై స్టిడమ్ సమాధి చుట్టూ ఆయన సంతతి రెండు వందలమంది చేరతారు. పూలు పెడతారు, పాటలు పాడతారు, ఓక్ చెట్ల కింద పొడుగు బల్లలు వేసుకుని కలిసి తింటారు. ఈలై పిల్లల్లో పెరిగి పెద్దయినవాళ్ళు ఎనిమిదిమంది, అందుకని ఎనిమిది బల్లలు. భోజనాలకి ముందు ఒక్కో బల్ల నుంచి అందరికన్నా పెద్దవాళ్ళు లేచి, ఈలై మొదలుకొని తమ శాఖలో పోయినవాళ్ళ పేర్లన్నీ వరసగా చెబుతారు. ఆ తర్వాతే రొట్టె విరుస్తారు.

మాకు బల్ల లేదు. కంచె పక్కన దుప్పటి పరుచుకుని కూర్చుంటాం. ఎవరూ మమ్మల్ని ఒక్క మాట అన్లేదు. కోడికూర, కేకులు మర్యాదగా మా దగ్గరికీ పంపిస్తారు. అమ్మమ్మ చేసిన ఎండు ఆపిల్ పొరల కేకు ఎనిమిది బల్లలకీ వెళుతుంది, ఖాళీ పళ్ళేలు మెప్పుతో తిరిగొస్తాయి. పేర్లు చెప్పేటప్పుడు మాత్రం మా వైపు ఎవరూ తల తిప్పరు.

దానికంతటికీ కారణం ఓ చిన్న సమాధి రాయి. 'కెజాయా. ఈలై, నాన్సీల కూతురు. 1849 - 1852.' మా అమ్మమ్మకి అమ్మమ్మ పేరు కూడా కెజాయా స్టిడమే. తను ఈలై కూతుర్నని చనిపోయేదాకా చెప్పుకుంది. ఈలై కూతురు కెజాయా మూడేళ్ళకే పోయిందని రాయి చెబుతోంది. మనిషి మాటా రాయి మాటా ఎదురెదురైతే మా కొండల్లో రాయే గెలుస్తుంది. అలా మా కెజాయాని, ఈలై ఇంట్లో పనికి పెట్టుకున్న అనాథ పిల్లగా లెక్కగట్టారు. పనిపిల్లకి ఇంటిపేరు అంటుకుందన్నారు.

అమ్మమ్మకి ఎనభై ఒకటి. కెజాయా ఒళ్ళో కూర్చుని పెరిగిన మనిషి. "కళ్ళు మూసేలోపు ఒక్కసారి ఆ జనం ముందు లేచి నిలబడి మా అమ్మ మలిండా పేరు, మా అమ్మమ్మ పేరు గొంతెత్తి చెప్పాలే. అంతకన్నా నాకేం వద్దు," అనేది నాతో. మామయ్యతో అనేది కాదు. మామయ్య నవ్వుతాడు.

పుస్తకం అచ్చయితే ఆ సంగతి ఇక శాశ్వతం. అందుకే ఆ ఆదివారం ప్రార్థన అయ్యాక, అమ్మమ్మ నా చెయ్యి పట్టుకుని వెస్టా టీచర్ ఇంటికి బయల్దేరింది.

వెస్టా స్టిడమ్ ఈలై పెద్దకొడుకు హార్మన్ మనవరాలు. మొదటి బల్ల వాళ్ళదే. మా వాగులో ఒకే గది ఉన్న బడికి ఆవిడే పంతులమ్మ. ఎనిమిదేళ్ళు ఆవిడ దగ్గర చదివాను, నాకొచ్చిన చదువంతా అదే. బడి మూసేశాక ఆవిడ పిల్లల్ని వదిలి, చనిపోయినవాళ్ళని పట్టుకుంది. ముందు గది నిండా అట్టపెట్టెలు, పెట్టెల నిండా కాగితాలు.

"కూర్చోండి ఓర్లీనా గారూ," అంది. అంత మర్యాదకి నాకే చలేసింది.

"నేనెందుకొచ్చానో నీకు తెలుసు, వెస్టా."

"తెలుసు. ఏటా ఏప్రిల్లో వస్తారు."

"ఈసారి పుస్తకం కదా."

"కాబట్టి ఈసారి నేను మరీ జాగ్రత్తగా ఉండాలి." రెండు కాగితాలు తీసి బల్ల మీద పరిచింది. "1850 జనాభా లెక్క ఇది. ఈలై ఇంట్లో కెజాయా, ఏడాది పిల్ల. ఆ పిల్ల పోయింది, రాయి ఉంది. ఇది 1860 లెక్క. అదే ఇంట్లో కెజాయా, ఏడేళ్ళు. ఎవరి పిల్లో రాయలేదు. ఆ రోజుల్లో ఇంట్లో ఎవరున్నారో రాసుకునేవారే గాని, ఎవరికి ఏమవుతారో రాసేవారు కాదు. ఇంటి బైబిల్లో రాసుకున్నది ఇంటితో పాటు తగలబడింది. అనాథ పిల్లల్ని పనికి పెట్టుకోవడం అప్పట్లో ఇంటింటా ఉన్నదే."

"ఆ అనాథకి సరిగ్గా పోయిన కూతురి పేరే ఉందా? ఏం, పేర్లకి కరువొచ్చిందా?"

"కలిసొచ్చి ఉంటుంది."

"పోయిన పిల్ల పేరు తర్వాత పుట్టిన పిల్లకి పెట్టుకునేవాళ్ళు వెస్టా, పూర్వం. అక్క గౌను తొడుక్కున్నట్టు అక్క పేరు తొడుక్కున్నానని మా అమ్మమ్మే చెప్పేది."

"మన వాగులో అలా పెట్టిన ఇల్లు ఒక్కటి చూపించండి."

అమ్మమ్మ నోరు తెరిచి, మూసింది. నేను అంతకు ముందెన్నడూ చూడనిది అది. నిజమే, మా వాగులో పోయినవాళ్ళ పేరు బిడ్డకి పెట్టరు. 1918లో ఇన్‌ఫ్లుయెంజా వచ్చినప్పుడు ఎవరో పోయిన కొడుకు పేరు కొత్తగా పుట్టినవాడికి పెడితే, వాడు నెల తిరక్కుండా పోయాడట. పేరు పిలిస్తే చావు పలుకుతుందని అప్పట్నుంచీ భయం. లోకం పుట్టినప్పట్నుంచీ ఇంతే అనుకోవడానికి అరవై ఏళ్ళ భయం చాలు.

"మీ మీద నాకు కోపం లేదు," అంది టీచర్. "నోటి మాట మీద రాయను, అంతే. కాగితం తెండి, ఇదే చేత్తో రాస్తాను. పండగ మర్నాడు పుస్తకం అచ్చుకి పోతుంది."

"ఏ కాగితం టీచర్?" అన్నాను.

కుర్చీ మాట్లాడినట్టు ఇద్దరూ నా వైపు తిరిగారు.

"ఈలై అంతర్యుద్ధంలో పోయాడు కదా. నాన్సీ పింఛను తీసుకుంది," అంది టీచర్, బళ్ళో పాఠం చెప్పే గొంతుతో. "పదహారేళ్ళ లోపు పిల్లలకి కూడా ఇచ్చేవారు. ఏ పిల్ల ఎప్పుడు పుట్టిందో తెలిసినవాళ్ళ చేత ప్రమాణం చేయించి రాయించుకునేవారు. ఆ దస్త్రం రాజధానిలో ఉండి తీరాలి."

"మీరు తెప్పించలేదా?"

"దేనికి? మాకు తెలుసుగా."

అన్నాక ఆవిడ కళ్ళజోడు తీసి చాలాసేపు తుడుచుకుంది. తర్వాత అడక్కుండానే దస్త్రం కోసం రాయాల్సిన ఫారం ఒకటి నా చేతిలో పెట్టింది.

తిరుగుదారిలో అమ్మమ్మ, పోయిన మాటలన్నీ వడ్డీతో రాబట్టుకుంది. "అసలు సంగతి ఆ రాయి కాదే డ్రీమా. మా అమ్మమ్మ పదిహేడో ఏట లమ్ కాడిల్‌తో లేచిపోయింది. యుద్ధంలో లమ్ తండ్రిది ఎదుటి పక్షం, ఈలైని చంపిన పక్షం. నాన్సీ తలుపు మూసేసింది. అన్నదమ్ములు ఆ పేరెత్తడం మానేశారు. అబద్ధం ఎవరూ ఆడలేదు. మాటలు ఆగిపోయినచోట కథ దానంతటదే మొలిచింది. అందుకే, మనిషన్నవాడు మాట్లాడుతూ ఉండాలి."

"నీ వల్ల ఆ ప్రమాదం లేదులే," అన్నాను.

ఫారం ఆ సాయంత్రమే నింపాను. నా రాత బాగుంటుంది. పేరు ఈలై స్టిడమ్, భార్య నాన్సీ. మర్నాడు పోస్టుమాన్ క్లీటస్ చేతికిచ్చాను. క్లీటస్ నోట్లో నువ్వుగింజ నానదు. ఓర్లీనా రాజధానికి ఉత్తరం రాసిందని వారం తిరక్కుండా వాగు పొడుగునా తెలిసిపోయింది. "అధ్యక్షుడికి రాశావటగా?" అని కొట్టు దగ్గర ఎవరో అడిగారట. "ఆయనకి వచ్చే వారం," అందిట అమ్మమ్మ.

మే రెండోవారంలో మందపాటి కవరు వచ్చింది. క్లీటస్ దాన్ని డబ్బాలో వెయ్యకుండా గుమ్మం దాకా తెచ్చిచ్చి, మెట్టు మీద కూర్చున్నాడు.

"నీకు పని లేదా?" అంది అమ్మమ్మ.

"కాళ్ళు నొప్పి పిన్నీ. మీరు చదువుకోండి, నేను వినన్లే."

నేను చదవడం మొదలుపెట్టాను. ఈలై స్టిడమ్ సైన్యంలోంచి రెండుసార్లు పారిపోయాడు. రెండోసారి కోళ్ళగూట్లో దొరికాడు. మూడో పేజీలో ఆయన భార్య పింఛను అడిగింది. ఆవిడ పేరు నాన్సీ. నాలుగో పేజీలో ఇంకో భార్య ఇంకో ఊరి నుంచి అడిగింది.

"అమ్మమ్మా, ఇది ఒహాయో. ఈయన ఎవరో."

"అయ్యో," అన్నాడు క్లీటస్.

అమ్మమ్మ ముఖం ఒక్క క్షణం వాడిపోయింది. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుంది. "సరేలే, సగంలో ఆపితే ఎలా? రెండో ఆవిడ ఏమంటుంది?"

"మొదటి భార్య ఉన్నట్టు తనకి తెలీదంటుంది."

"అబద్ధం. తెలుసు దానికి. మొదటావిడ ఏమంటుంది?"

ఇరవై మూడు పేజీలూ చదివించుకుంది. మామయ్య చేలోంచి వచ్చి గుమ్మంలో నిలబడి వింటూ కళ్ళు తుడుచుకునేంత నవ్వాడు. "అమ్మా, ఈయన్నే తాతగా పెట్టేసుకుందాం. మన ఈలై కన్నా సరదా మనిషి. ఇద్దరు పెళ్ళాలున్నారు కాబట్టి రెండు బల్లలడగొచ్చు."

తప్పు నాదే. ఫారంలో ఏ పటాలమో రాయమని ఒక గడి ఉంది. ఖాళీగా వదిలేశాను. ఈలై స్టిడమ్ అంటే దేశంలో ఒక్కడే ఉంటాడనుకున్నాను. స్పైస్‌వుడ్ వాగులో పుట్టినవాళ్ళెవరైనా అలాగే అనుకుంటారు.

పండగకి నాలుగు వారాలుంది. పటాలం పేరు ఈలై సమాధి రాయి మీద ఉండాలి. యుద్ధంలో పోయినవాళ్ళ రాళ్ళన్నిటి మీదా ఉంటుంది. కాని నాచు పట్టి, వానలకి అరిగి, ఆ రాయి మీద పేరు తప్ప ఏమీ కనబడదు. అక్షరాలు తడిమి చూడ్డానికి మర్నాడు ఉదయమే కొండెక్కాను. వేళ్ళకి గరుకు తగలడమే గాని అక్షరం తగల్లేదు.

వెనక అడుగుల చప్పుడయ్యింది. మామయ్య. చేతిలో గడ్డం గీసుకునే అద్దం.

"గోకకు," అన్నాడు. "పోయినవాళ్ళకి చక్కిలిగిలి."

అద్దాన్ని ఎండకి పట్టి, వెలుగుని రాయి మీదికి పక్కవాటుగా తిప్పాడు. ఎక్కడ్నుంచో ఈదుకుంటూ పైకొచ్చినట్టు అక్షరాలు ఒక్కొక్కటీ నీడలతో తేలాయి. కంపెనీ, పటాలం నంబరు, కెంటకీ. నేను రాసుకుంటున్నంతసేపూ ఆయన అద్దం కదపకుండా పట్టుకున్నాడు.

"ఇదెక్కడ నేర్చుకున్నావు మామయ్యా?"

"చిన్నప్పుడు. పండగ రోజు వాళ్ళు పేర్లు చెబుతుంటే నాకేం పని? అద్దంతో బల్లల మీదికి ఎండ కొట్టేవాణ్ణి." అద్దం చొక్కాకి తుడుచుకుంటూ అన్నాడు, "మీ అమ్మమ్మకి చెప్పకు, నేనొచ్చానని. మొదలెడుతుంది."

రెండో ఫారం ఆ రోజే వెళ్ళింది. అడుగున, పండగ తేదీ రాసి, మా అమ్మమ్మకి ఎనభై ఒక్క ఏళ్ళని కూడా రాశాను. అది రాయడానికి గడి లేదు. అంచున రాశాను.

ఇక ఎదురుచూపులు. మిగిలిన మే నెలంతా అమ్మమ్మా నేనూ పూలు చేశాం. ముడతల కాగితం కత్తిరించి, రేకులు తీగకి చుట్టి, కరిగించిన మైనంలో ముంచి ఆరేస్తాం. మైనం పట్టిన పువ్వు వానకి చెడదు. వంటింటి నిండా తాళ్ళు కట్టి గులాబీలు తలకిందులుగా వేలాడదీశాం. మామయ్య వంగి వంగి నడుస్తూ కాఫీ తాగేవాడు. అమ్మమ్మ చేసిన పూలల్లో మొదటిది ఎప్పుడూ ఆ మూడేళ్ళ పిల్ల రాయికే. కెజాయా బతికున్నంత కాలమూ అలాగే చేసేదట. ఆ పూలని అమ్మమ్మ, సమాధుల కంచె లోపలికి అడుగుపెట్టకుండా, పైనుంచి వంగి పెట్టేది.

పండగ ముందు గురువారం, క్లీటస్ బండి మలుపులోనే హారన్ మోగించడం మొదలుపెట్టింది. గుమ్మం దాకా ఆపలేదు.

నా చేతులకి మైనం. కవరు మామయ్య చించాడు. ఆయన పెద్దగా చదవలేడు. మొదటి కాగితం నా ముఖం ముందు పట్టుకుని నిలబడ్డాడు.

ఈలై స్టిడమ్, స్పైస్‌వుడ్ వాగు. చేరినప్పుడు వయసు నలభై నాలుగు. జుట్టు నలుపు.

"నలుపా? అప్పటికే ఆయనకి నలభై ఎనిమిది," అంది అమ్మమ్మ. "నలభై అయిదు దాటితే తీసుకోరని నాలుగేళ్ళు దాచి, తలకి వాల్‌నట్ తొక్కల నల్లరసం పూసుకుని వెళ్ళాడట. వానొస్తే మెడ మీద కారిందట. మా అమ్మమ్మ చెప్పి చెప్పి నవ్వేది. చదువు."

తర్వాత నాన్సీ అర్జీ. పదహారేళ్ళ లోపు పిల్లలు నలుగురు. మూడో పేరు కెజాయా, పుట్టింది 1853 మార్చి తొమ్మిది.

ఆ తర్వాత మంత్రసాని హల్డా ప్రమాణం. 'నాన్సీ పది కాన్పులూ నా చేతుల మీదే జరిగాయి. బతికినవాళ్ళు తొమ్మిదిమంది. కెజాయా అనే పిల్ల 1852 శరదృతువులో గొంతువాపుతో పోయింది. తర్వాత పుట్టిన ఆడపిల్లకి తల్లి అదే పేరు పెట్టింది.'

చివరి కాగితం హార్మన్ది. 'నేను పెద్దకొడుకుని. నా వయసు ఇరవై ఆరు. మొదటి కెజాయాకి గొయ్యి తవ్వింది నేనే. మార్చిలో పుట్టిన చెల్లికి మా అమ్మ ఆ పేరే పెట్టింది. ఆ పేరు ఇంట్లోంచి పోకూడదంది.' కింద సంతకం బదులు, రాయడం రానివాళ్ళు పెట్టే గుణకారం గుర్తు.

నేను చదవడం ఆపాక పొయ్యి మీద మైనం గిన్నె చిటపటలాడుతోంది. మామయ్య వెళ్ళి దింపాడు. క్లీటస్ మెట్ల మీంచి గబగబా దిగిపోయాడు.

"టీచర్ దగ్గరికి తీసుకెళ్ళనా?" అన్నాను.

"అక్కర్లేదు," అన్నాడు మామయ్య. "క్లీటస్ వెళ్ళాడుగా."

గంట తిరక్కుండా వెస్టా టీచర్ కారు వచ్చి ఆగింది. వేలాడే పూల మధ్యలోంచి తల వంచుకుంటూ వచ్చి, మా వంటింటి బల్ల దగ్గర కూర్చుంది. నేను పుట్టాక ఆవిడ మా ఇంట్లో కూర్చోవడం అదే మొదటిసారి. కాగితాలు ముందు పెట్టాను. మొదటి నుంచి చివరిదాకా చదివింది. మళ్ళీ మొదలుపెట్టింది. అమ్మమ్మ ఎదురుగా చేతులు కట్టుకుని కూర్చుంది. ఇరవై నిమిషాలు ఒక్క మాట ఆడకుండా ఉండటం ఆవిడకి ఎంత కష్టమో ఆ మెడ నరాలు చూస్తే తెలుస్తోంది.

హార్మన్ గుర్తు మీద టీచర్ వేలు ఆగింది.

"మా తాత నాకు గుర్రం ఎక్కడం నేర్పాడు," అంది, తనలో తను చెప్పుకుంటున్నట్టు. "తేనె తియ్యడం నేర్పాడు. గంటలకొద్దీ కబుర్లు చెప్పేవాడు. ఇది మాత్రం చెప్పలేదు."

ఆవిడ కాగితాల అంచులు సరిచేసి, మామయ్య వైపు తిరిగింది.

"ఆర్విల్, నీ దగ్గర పన్నెండడుగుల చెక్కలున్నాయా?"

"పాప్లర్ ఉంది టీచర్."

"ఆరిందేనా? వంగకూడదు."

"రెండేళ్ళుగా కొట్టంలో ఆరుతోంది. దేనికి?"

"బల్లకి. మిగతావాటి ఎత్తే ఉండాలి. ఆదివారం పొద్దున్నకల్లా కొండ మీదుండాలి."

మామయ్య టోపీ తీసి, మళ్ళీ పెట్టుకున్నాడు. "మేకులు కొట్టాలా, మర బిగించాలా?"

"నువ్వు వడ్రంగివా, నేనా?"

అమ్మమ్మ చప్పున లేచింది. "కేకు తింటావా వెస్టా? నిన్న చేసింది. పొరలు ఇంకా మెత్తబడలేదు, అయినా బాగానే ఉంటుంది. ఆపిల్ నిరుటివి, పంచదార కాస్త తక్కువేశాను, వయసు మీద పడుతోందిగా మనకి..." ఇక ఆగలేదు. టీచర్ రెండు ముక్కలు తింది. మధ్యలో సంచీలోంచి రాతప్రతి తీసి, ఎనిమిదో శాఖ తర్వాత వచ్చే పేజీ మీద సిరాతో 9 అని వేసి, కింద కెజాయా అని రాసింది. నాకు నేర్పిన రాతే అది.

వెళుతూ గుమ్మంలో ఆగింది. "శాఖలో అందరికన్నా పెద్ద నువ్వే. పేర్లు నువ్వే చెప్పాలి. వరస తప్పితే అందరి ముందూ సరిదిద్దుతాను అక్కా, ముందే చెబుతున్నా."

ఆ పిలుపు వినబడనట్టే అమ్మమ్మ పళ్ళెం తుడుస్తూ ఉండిపోయింది. ఆ పళ్ళెం అప్పటికే పొడిగా ఉంది.

శనివారం, పట్నంలో ఉండే మా అమ్మ వచ్చేసరికి ఇంట్లో గోల గోలగా ఉంది. కొట్టంలో చిత్రిక చప్పుడు, వంటింట్లో అమ్మమ్మ.

"నావల్ల కాదు," అంటోంది, పిండి కలుపుతూ. "రెండు వందలమంది. నేను నిలబడగానే నాలుక మడతపడుతుంది. డ్రీమా చదువుతుందిలే కాగితం చూసి."

"డ్రీమానా?" అంది అమ్మ. "దానిచేత మాట్లాడించాలంటే దేవదూత దిగాలి."

"ఎనభై ఏళ్ళుగా ఆపకుండా మాట్లాడావు. రెండు నిమిషాలు మాట్లాడలేవా?" అని కొట్టంలోంచి అరిచాడు మామయ్య.

"అవి ఉత్త మాటలురా. ఇవి పేర్లు."

పద్దెనిమిది పేర్లు. నేను రాసిన కాగితం చూడనంటుంది. పేర్లు చూసి చెప్పేవి కావంటుంది. ఈలై, నాన్సీ దాకా బాగానే వస్తుంది. తర్వాత తమ్ముడు ముందొస్తాడు, అక్క వెనకబడుతుంది. గనిలో పోయిన తమ్ముడి దగ్గర ఆగిపోయి అతని చిన్నప్పటి అల్లరి చెప్పడం మొదలుపెడుతుంది. "కథలొద్దమ్మా, పేర్లు," అంటుంది అమ్మ.

"లమ్ కాడిల్ పేరు చెబుతావా?" అన్నాను. "అక్కడ ఇంకా అతని మీద కోపమున్నవాళ్ళు ఉంటారు."

"మొగుడు కాకపోతే ఏమవుతాడు? చెబుతాను. కోపమున్నవాళ్ళు చెవులు మూసుకోవచ్చు." పిండి చేత్తోనే కళ్ళ మీది జుట్టు వెనక్కి తోసుకుంది. "ఇంకోటి. మొదటి కెజాయా పేరు కూడా చెబుతాను. మూడేళ్ళ పిల్ల. పిల్లల్లేకుండా పోయిందని ఏ బల్లవాళ్ళూ దాని పేరు చెప్పలేదు ఇన్నేళ్ళూ. అక్కాచెల్లెళ్ళు కదా, ఒక బల్లకే కూర్చుంటారు."

దాంతో పంతొమ్మిది అయ్యాయి. సాయంత్రం కొండ మీదికి బల్ల మొయ్యడానికి మొదటి బల్లవాళ్ళ ఇంటి నుంచి నలుగురు మగవాళ్ళొచ్చారు. ఎవరూ పిలవలేదు. బల్ల అంచులు తడిమి చూసి, "మా దానికన్నా నున్నగా ఉందిరా ఆర్విల్," అన్నారు. "మీది మీ తాత చేశాడు. ఆయనకి వడ్రంగం రాదు," అన్నాడు మామయ్య. అందరూ నవ్వుకుంటూ ఎత్తుకెళ్ళారు. అమ్మమ్మ నిద్రపోయేదాకా గొణుగుతూనే ఉంది. వరస ఒక్కసారి కూడా పూర్తిగా కుదర్లేదు.

ఆదివారం పొద్దున్న నేను పాలు తీసుకుని లోపలికొచ్చేసరికి ఆవిడ తయారై ఉంది. నీలం గౌను, తెల్ల చుక్కలు. మెడ దగ్గర బొత్తాం సరిగ్గా పెట్టుకుంది. జుట్టు తడిపి దువ్వుకుంది.

"కాఫీ పొయ్యనా అమ్మమ్మా?"

పలకలేదు.

"ఇంకా తొమ్మిదే. పదిన్నరకి కదా, కారులో వెళదాం," అంది అమ్మ.

పలకలేదు. కేకు బుట్ట మీద గుడ్డ కప్పి, మామయ్య వైపు నెట్టింది.

"అమ్మా, ఒంట్లో బాగుందా?" అన్నాడు మామయ్య. నిజంగానే భయపడ్డాడు. ఆ ఇంట్లో అంత నిశ్శబ్దం మేమెవరం ఎప్పుడూ వినలేదు.

ఆవిడ మమ్మల్ని చూడలేదు. పెదవులు కదులుతున్నాయి. నేను దగ్గరికి వెళ్ళి చూశాను. నాన్సీ, కెజాయా, కెజాయా, లమ్, మలిండా. ఆగకుండా, తడబడకుండా, ఒకదాని వెనక ఒకటి. ఎక్కడ ఒక్క మాట బయటికొస్తే అక్కడ వరస తెగుతుందేమో అన్నంత జాగ్రత్తగా నోరు బిగించుకుంది.

నేను పక్కకి తప్పుకున్నాను. అమ్మమ్మ జాలీ తలుపు తోసుకుని, మెట్లు దిగి, కొండ వైపు వెళ్ళిపోయింది.